పాత నగకు నిప్పు చూపించే ముందు

పాత నగ అమ్మకానికి పెడితే బజారులో అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని గ్రాములు?’ రెండోది ‘రాళ్లూ లక్కా పోతే ఎన్ని గ్రాములు?’ మూడో ప్రశ్న సాధారణంగా రాదు. రాళ్ల బరువు తీసేసి, లక్క బరువు తీసేసి, అతుకుల పేరు చెప్పి మరికాస్త కోసేసి, మిగిలిన దానికి ఆ రోజు ధర కట్టి చేతిలో పెడతారు. నగ మూసలోకి వెళ్తుంది. నాలుగు తరాల జడల మీద మెరిసిన నాగరమైనా, నిన్నగాక మొన్న మిషన్ మీద తీసిన గొలుసైనా కరిగాక ఒకటే ముద్ద.

నగను నగగానే బాగుచేసి అమ్మే దారి ఇంకొకటుంది. నకాషీ పని ఉన్న హారాలు, కుందనపు పతకాలు, పాతకాలపు కాసులపేర్లు బంగారం విలువ మీద పనితనానికి కూడా ధర పలుకుతాయి. అయితే ఆ అదనపు ధర నిలబడేదీ ఊడిపోయేదీ మరమ్మతు బల్ల దగ్గరే. నన్నడిగితే పాత నగల్ని కాలం పాడుచేసిన దానికన్నా తెలియని మరమ్మతు పాడుచేసిందే ఎక్కువ. నిప్పు, ఆమ్లం, మెరుగు చక్రం, ఈ మూడింటిలో ఏదో ఒకటి చేయిదాటి ఉంటుంది.

బంగారానికి తుప్పు పట్టదన్న మాట నిజమే. మరి పాత నగ ఎందుకు శిథిలమవుతుంది? నగలో బంగారం ఒక్కటే ఉండదు కనక. 22 క్యారెట్ల నగలో బంగారం 91.6 శాతం, మిగిలింది రాగి, వెండి. దానికితోడు అతుకుల్లో టంకం, బోలు గుండ్లలో లక్క, రాళ్ల కింద రేకు, పూసల్లో దారం. ముసలితనం మొదట వచ్చేది వీటికే. బంగారానికి వచ్చే జబ్బు అరుగుదల. దాని మీద 18వ శతాబ్దం చివర్లో బ్రిటన్‌లో పెద్ద పరిశోధనే జరిగింది. చెలామణీలో ఉన్న బంగారు నాణేలు బరువెందుకు తగ్గుతున్నాయో తేల్చమని 1798లో ప్రభుత్వం అడిగితే చార్లెస్ హాచెట్, హెన్రీ కావెండిష్ ఆ పనికి పూనుకున్నారు. నాణేలను ఒకదానితో ఒకటి రాపాడించే యంత్రాన్ని కట్టి, రకరకాల మిశ్రమాలను అరగదీసి చూశారు. 1803లో అచ్చయిన ఫలితం 22 క్యారెట్ల మిశ్రమానికే ఓటు వేసింది. మరీ మెత్తనిదీ కాదు, మరీ గట్టిదీ కాదు. మన కంసాలులు ఏ యంత్రమూ లేకుండానే ఆ మిశ్రమం దగ్గరికి చేరుకున్నారన్నది వేరే సంగతి.

కాసులపేరు తీసుకోండి. కాసు ముఖం వందేళ్లయినా పెద్దగా అరగదు. అరిగేది కాసు నెత్తిన ఉండే కొండీ. గొలుసు దాని లోపలి అంచును రోజూ ఒకేచోట ఒరుసుకుంటూ పోతుంది. బయటి నుంచి చూస్తే కొండీ గుండ్రంగానే కనిపిస్తుంది. భూతద్దం పెట్టి లోపలికి చూస్తే పై వంపు దగ్గర కాగితమంత పల్చబడి ఉంటుంది. చాలామంది అక్కడ కాస్త టంకం పోసి మందం పెంచేస్తారు. అది సోమరి పని. టంకం అసలు బంగారం కన్నా తక్కువ మేలిమి, రంగు వేరు, అరిగే తీరు వేరు. సరైన పనేమిటంటే అరిగిన కొండీని తీసేసి, అదే మేలిమి బంగారాన్ని కమ్మచ్చులో తీగ లాగి కొత్త కొండీ చుట్టి అతకడం.

తీగ లాగినకొద్దీ బంగారం బిరుసెక్కుతుంది. లోహం లోపలి స్ఫటికాలు నలిగి, ఒకదాని మీద ఒకటి జారే వీలు పోతుంది. అలాగే వంచితే పగులు వస్తుంది. అందుకే మధ్యమధ్య మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారుస్తారు. ఆ వేడికి నలిగిన స్ఫటికాల స్థానంలో కొత్తవి పుట్టి లోహం మళ్లీ మెత్తబడుతుంది.

తర్వాత అతుకు. కొండీ రెండు చివర్లూ వెలుగు దూరనంత దగ్గరగా కలవాలి. టంకం సందును నింపదు, సన్నని సందులోకి పాకుతుంది. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టే ఇదీ కేశనాళికల పనే. అతికే చోట వెలిగారం పూస్తారు. వెలిగారం 740 డిగ్రీలు దాటాక గాజులా కరిగి, రాగి మీద ఏర్పడే నల్లటి ఆక్సైడును తనలో కలిపేసుకుని, గాలి మళ్లీ తగలకుండా మూతవేస్తుంది. వెలిగారం లేకపోతే టంకం గుండులా ముడుచుకుని పక్కకు దొర్లిపోతుంది. ఇంకో కిటుకు: మంట టంకం మీద కాదు, కాసు మీద తిప్పాలి. కరిగిన టంకం ఎప్పుడూ వేడి ఎక్కువున్న వైపుకే పరిగెడుతుంది. బరువైన కాసు చల్లగా ఉండి పల్చటి కొండీ ఎర్రబడితే టంకమంతా కొండీ మీదికే ఎక్కి కూర్చుంటుంది. ఒక్కోసారి కొండీయే కరిగి చుక్కయిపోతుంది. 22 క్యారెట్ల బంగారం కరిగేది వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో. టంకం దానికి కాస్త కిందగా కరుగుతుంది. కంసాలి బతుకంతా ఆ రెండింటి మధ్యనున్న ఇరుకు సందులోనే. ఊదుగొట్టం పోయి గ్యాస్ మంట వచ్చినా వేడిని చూసుకునేది ఇప్పటికీ ఎరుపు రంగును బట్టే. అందుకే మంచి పనివాళ్లు ఎండ పడేచోట అతుకు పని పెట్టుకోరు.

పాత నగలో ఇబ్బంది ఏమిటంటే కొత్త అతుకు పక్కనే పది పాత అతుకులుంటాయి. ఇక్కడ వేడి పెడితే అక్కడ ఊడుతుంది. వాటి మీద కావిమట్టి పూసి ఆరనిస్తే పాత టంకం కరిగినా కదలకుండా ఉన్నచోటే ఉంటుంది. పని అయ్యాక నగను పలచటి గంధకామ్లంలో వేస్తే నల్లటి పొర, వెలిగారపు గాజు పోతాయి. అందులోంచి ఇనుప పటకారుతో తీశారా, ద్రావణంలో కరిగి ఉన్న రాగి నగ మీద ఎర్రగా పేరుకుంటుంది. రాగి పటకారో, చెక్క పుల్లో వాడాలి.

ఈ అతుకులకు లెక్కుంది. ఉదాహరణకు 40 గ్రాముల గొలుసులో 38 గ్రాములు 91.6 శాతం బంగారం, 2 గ్రాములు 70 శాతం మేలిమి టంకం అనుకుందాం. కరిగించి చూస్తే మొత్తం 90.5 శాతానికి దిగుతుంది. 22 క్యారెట్లని కొన్నది 21.7 అవుతుంది. ఎవరూ మోసం చేయకపోయినా అంతే. సన్నటి పని ఎక్కువగా ఉండి, మూడు నాలుగు సార్లు మరమ్మతుకు వెళ్లొచ్చిన నగల్లో ఈ దిగుడు ఇంకా పెరుగుతుంది. ‘మా అమ్మమ్మ మేలిమి బంగారమే చేయించింది’ అని కొట్లో వాదించేవాళ్లు, అమ్మమ్మ తర్వాత ఆ నగ ఎన్నిసార్లు అతుకు పడిందో కూడా గుర్తుచేసుకోవాలి.

ఈ దిగుడు తప్పించడానికే కాడ్మియం టంకం వచ్చింది. ‘కేడీఎం’ అని బోర్డులమీద గొప్పగా రాసుకున్న పేరు అదే. 92 పాళ్ల బంగారంలో 8 పాళ్ల కాడ్మియం కలిపితే మేలిమి తగ్గకుండానే కరిగే వేడి తగ్గుతుంది. ఆలోచన తెలివైనదే. కానీ కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, అతుకు వేసే వేడి అంతకన్నా ఎక్కువ. ఆ పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి మూత్రపిండాల్లోకి చేరుతుంది. నగ వేసుకున్నవాళ్లకేమీ కాలేదు, గాలాడని గదిలో కూర్చుని చేసినవాళ్లు మూల్యం చెల్లించారు. బీఐఎస్ ప్రమాణాల్లో ఇప్పుడు కాడ్మియానికి చోటు లేదు. పాత కేడీఎం నగ మరమ్మతుకు వస్తే మాత్రం ఆ పొగ మళ్లీ లేస్తుంది. గాలిని బయటికి లాగే ఫ్యాన్ లేనిదే దాన్ని మంట దగ్గర పెట్టకూడదు.

కాడ్మియం మనిషికి చేసే చేటు సీసం బంగారానికి చేస్తుంది. ఎవరో తొందరపడి రేడియో తీగలు అతికే తగరం, సీసం టంకంతో నగను అతికేసి ఉంటారు. చూడటానికి అతుకు బూడిద రంగులో ఉంటుంది. దాన్ని గుర్తించకుండా నగను ఎర్రగా కాల్చితే సీసం బంగారంలోకి తినుకుంటూ పోయి గుంటలు పడతాయి. వెయ్యి పాళ్లలో ఒక పాలు సీసం చాలు, సాగే బంగారం బిస్కెట్టులా విరగడానికి. సీసం బంగారంలో ఇమడదు, స్ఫటికాల సరిహద్దుల్లో పొరలా చేరి వాటి పట్టు విడగొడుతుంది. కాబట్టి బూడిద రంగు అతుకు కనిపిస్తే మంట వెలిగించక ముందే ఆకురాయితో, కత్తితో గీకి తీసేయాలి.

ఇక రాళ్ల నగలు. మన పాత నగల్లో ఎక్కువ భాగం రాయిని వెనక నుంచి మూసేసి పొదిగినవి. రాయి కింద పల్చటి మెరుపు రేకు ఉంటుంది. రాయిలోంచి దిగిన కాంతిని ఆ రేకు అద్దంలా తిప్పి పంపుతుంది. కెంపు కింద ఎర్రటి రేకు, పచ్చ కింద ఆకుపచ్చ రేకు పెడితే పేలవమైన రాయి కూడా నిండుగా కనిపిస్తుంది. ఈ ఏర్పాటుకు శత్రువు నీళ్లు. పండగకు ముందు నగల్ని కుంకుడు రసంలో నానబెట్టే అలవాటు సాదా గొలుసులకు మంచిదే. కుంకుడులోని సాపోనిన్లు చెమట జిడ్డును సబ్బులా విడదీస్తాయి. రాళ్ల నగను అందులో వేస్తే మాత్రం అంచుల సందుల్లోంచి నీరు రేకు దాకా దిగుతుంది, మళ్లీ బయటికి రాదు. వెండి రేకైతే గాలిలోని గంధకంతో కలిసి నల్లటి వెండి సల్ఫైడ్‌గా మారుతుంది. మధ్యలో ఒక్క రాయి మాత్రం చచ్చిపోయినట్టు నల్లగా కనిపించే అడ్డిగను చూడనివారుండరు. రాయి చెడిపోలేదు, దాని వెనకున్న అద్దం చెడిపోయింది.

కొట్లో అలాంటి రాయిని చూసి ‘రాయి మార్చేద్దామమ్మా’ అంటారు. ఒప్పుకోకండి. అంచును నెమ్మదిగా లేపి, రాయిని బయటికి తీసి, గూడు తుడిచి ఆరబెట్టి, కొత్త రేకు వేసి, అదే రాయిని అదే గూట్లో కూర్చోబెట్టవచ్చు. నైపుణ్యమంతా అంచు విరగకుండా లేపడంలో ఉంది. కుందనపు పని అయితే కథ ఇంకా బాగుంటుంది. అక్కడ రాయి చుట్టూ నొక్కేది 24 క్యారెట్ల మెత్తటి రేకు. మంట లేదు, టంకం లేదు. స్వచ్ఛమైన బంగారం మీద ఆక్సైడ్ పొర ఏర్పడదు కనక, శుభ్రమైన రేకు మీద రేకు పెట్టి ఉక్కు పుల్లతో ఒత్తితే మామూలు వేడిలోనే అణువుకు అణువు అతుక్కుపోతుంది. లోహశాస్త్రం దీన్ని శీతల సంధానం అంటుంది. పేరు పెట్టకముందే మన దేశంలో శతాబ్దాలుగా దాంతో నగలు చేస్తున్నారు. కుందనపు నగను మరమ్మతు చేయాలన్నా ఆ పద్ధతే దారి. దాని లోపలి లక్క 80 డిగ్రీల లోపే మెత్తబడుతుంది. టంకం మంట తగిలితే ఉడికి, పొంగి, రాళ్లను తోసేస్తుంది. లక్క లేని బోలు గాజుకైనా మంట పెట్టేముందు సన్న రంధ్రం చేయాలి. లోపల చిక్కిన గాలి వ్యాకోచించి గాజు పేలిన సందర్భాలు కంసాలి వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

రాళ్లలో ఒక్కోదానికి ఒక్కో గుణం. వజ్రం అన్నిటికన్నా గట్టిది, కానీ అది కర్బనమే. గాలి తగులుతూ 700–800 డిగ్రీలు దాటితే పైపొర కాలి మసకబారుతుంది, అందుకే బోరిక్ ఆమ్లం పూత వేసి కాపాడతారు. పచ్చల్లో సహజంగా ఉండే చీలికల్లోకి నూనె ఎక్కించి కనబడకుండా చేయడం పాత ఆచారం. అల్ట్రాసోనిక్ యంత్రంలో కడిగితే ఆ నూనె పోయి చీలికలన్నీ బయటపడతాయి, ఒక్కోసారి రాయే విచ్చుకుంటుంది. ముత్యం కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి చుట్టం. చింతపండు పులుసు తగిలితే దాని నునుపు కరిగిపోతుంది. ముత్యాల సరానికి దారం మార్చడమే అసలు మరమ్మతు. హైదరాబాద్ పాతబస్తీలో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడివేస్తూ పట్టుదారంతో కూర్చే పనివాళ్లు ఇంకా ఉన్నారు.

కెంపుల విషయం చెబితే కొందరికి కోపం వస్తుంది. ఫ్రాన్స్‌లో అగస్త్ వెర్నూయ్ అనే రసాయన శాస్త్రవేత్త 1902లో ఒక పద్ధతి ప్రకటించాడు. అల్యూమినా పొడిని ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలోంచి రాలుస్తూ, 2000 డిగ్రీలు పైబడిన వేడిలో కెంపును గంటల్లో పెంచడం ఆ పద్ధతి. కొద్దికాలంలోనే ఆ కెంపులు ప్రపంచమంతా పాకాయి. దక్షిణాది నగల్లోకి కుప్పలుగా వచ్చి చేరాయి. వాటిని సానపట్టే పరిశ్రమ తిరుచిరాపల్లి ప్రాంతంలో స్థిరపడింది కూడా. కాబట్టి నగ వందేళ్లదైనంత మాత్రాన కెంపు గనిలోది కానక్కరలేదు. భూతద్దంలో గ్రామఫోన్ రికార్డు మీది గీతల్లా వంపు గీతలు, గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే అది కొలిమిలో పుట్టిందే. సహజ కెంపులో వంపు గీతలుండవు. కృత్రిమ కెంపున్న పాత నగకు విలువే లేదని కాదు, దాన్ని సహజమని చెప్పి అమ్మడమే తప్పు. ఇంతకన్నా ప్రమాదం 2004 ప్రాంతం నుంచి వచ్చిన సీసపు గాజు నింపిన కెంపులు. పాత నగలో రాలిన రాయి స్థానంలో అలాంటిది పెట్టించి ఉంటే, అతుకు పని తర్వాత ఆమ్లంలో ముంచగానే దాని అసలు రూపం బయటపడుతుంది.

ఇక మెరుగు. పాత నగకు జరిగే నష్టంలో పెద్దది ఇదేనని నా నమ్మకం. మెరుగు చక్రం మురికిని మాత్రమే తీయదు, లోహాన్ని కోస్తుంది. నకాషీలో లక్ష్మీదేవి కనురెప్పలు, నెమలి ఈకల గీతలు వెంట్రుకవాసి లోతున ఉంటాయి. రెండుసార్లు చక్రం మీద పట్టిస్తే విగ్రహం సబ్బుబిళ్ల మీది బొమ్మలా అయిపోతుంది. గీతల అడుగున ఉన్న నలుపే ఆ బొమ్మకు ఆకారం ఇచ్చేది. అది మురికి కాదు. పాత నగలు కొనేవాళ్లు మొదట చూసేదీ దాన్నే.

కొందరు కంసాలులు చక్రం బదులు రంగు పెడతారు. సురేకారం, పటిక, ఉప్పు కలిపి వేడిచేసిన ముద్దలో నగను ముంచితే పైపొరలోని రాగి, వెండి కరిగిపోయి, మేలిమి బంగారపు పొర మిగులుతుంది. మందార పువ్వు లాంటి ఎరుపు పోయి పసుపు వన్నె వస్తుంది. అందమైన పద్ధతే, కానీ కొనేవాడిని తప్పుదారి పట్టించగలదు. దుకాణాల్లో మేలిమి చూపే ఎక్స్‌రే యంత్రం బంగారంలోకి మిల్లీమీటరులో వందోవంతుకు అటూ ఇటూ మాత్రమే చూడగలదు. గీటురాయీ పైపొరనే గీస్తుంది. రంగు పెట్టిన నగ రెండు చోట్లా అసలు కన్నా మేలిమిగా కనిపిస్తుంది. తెలిసిన వ్యాపారి కనపడని చోట ఆకురాయితో గాటు పెట్టి, లోపలి లోహం మీద పరీక్ష చేయమంటాడు. అనుమానం తీరకపోతే పుటం పరీక్ష ఉండనే ఉంది. చిన్న ముక్కను వెండితో కలిపి సీసపు రేకులో చుట్టి కాలుస్తారు. సీసం తక్కువ జాతి లోహాలన్నిటినీ వెంటేసుకుని మూస గోడల్లోకి ఇంకిపోతుంది. తర్వాత నత్రికామ్లం వెండిని కరిగిస్తే మిగిలేది బంగారం ఒక్కటే. నగను విరగ్గొట్టే సీసమే పరీక్షలో దాన్ని శుద్ధి చేస్తుంది!

ఈ మధ్య పెద్ద ఊళ్లలో లేజర్ అతుకు యంత్రాలు వచ్చాయి. పాత నగకు ఇంతకన్నా మేలు చేసిన పరికరం లేదు. వేడి సూదిమొనంత చోట, సెకనులో వందోవంతు కన్నా తక్కువ సేపు ఉంటుంది. పక్క మిల్లీమీటరులో ఉన్న ముత్యానికి సెగ తగలదు. టంకం అక్కర్లేదు, అదే మేలిమి తీగతో నింపవచ్చు. చిక్కల్లా బంగారం ఆ కాంతిని దాదాపు అంతా తిప్పికొట్టడం. అందుకని అతికే చోట నల్ల సిరా గీత గీసి కాల్చే పనివాళ్లున్నారు. తమాషా ఏమిటంటే, ఆ యంత్రాల్లో ఎక్కువ వాటి కాంతి తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, స్వచ్ఛమైన బంగారం కరిగేది 1064 డిగ్రీల దగ్గర. రెండింటికీ సంబంధమేమీ లేదు, వట్టి కాకతాళీయం.

అమ్మేవాళ్లు తెలుసుకోవలసిన చట్టం కొంత ఉంది. హాల్‌మార్కు నిర్బంధమైన జిల్లాల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణదారు అమ్మే నగ మీద ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉండాలి. కుందన్, పోల్కీ, జడావు నగలకూ 2 గ్రాముల లోపు వాటికీ మినహాయింపు. మీ ఇంట్లోని ముద్రలేని పాత నగను దుకాణానికి అమ్ముకోవడానికి అడ్డేమీ లేదు. వందేళ్లు దాటిన నగ అయితే 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది. అమెరికాలో ఉన్న అమ్మాయి ద్వారా అక్కడ అమ్మిద్దామనుకుంటే కుదరదు, దేశం దాటించడమే నేరం.

సాదా గొలుసు, తెగిన ఉంగరం, పనితనం లేని గాజుల మీద మరమ్మతు ఖర్చు పెట్టడం దండగ, వాటిని బంగారం ధరకు ఇచ్చేయడమే లాభం. నకాషీ, కుందనం, చేతిపని కాసులపేరు ఉంటే మాత్రం కడగకండి, మెరుగు పెట్టించకండి. ఉన్నది ఉన్నట్టుగా ముందూ వెనకా ఫొటోలు తీసి, తూకం వేయించి, రాళ్ల లెక్క కాగితం మీద రాయించుకున్నాకే కంసాలి చేతికివ్వండి. ఎక్కడ అతికారో, ఏ రాయి మార్చారో కూడా అదే కాగితం మీద రాయించి, రేపు కొనేవాళ్లకు ఆ కాగితం నగతోపాటే ఇవ్వండి.